చిత్రగుప్తుడి చిట్టా

కాసినో అన్న దానికి తెలుగులో ఏ మాట వాడాలన్నది నాకు చాలాకాలంగా తేలని సందేహం. జూదశాల అందామంటే ఊరి చివర మామిడితోటలో చాప పరచుకుని కూర్చున్న పేకాటరాయుళ్ళు కళ్ళముందు కదులుతారు. ద్యూతసభ అందామంటే వెంటనే శకుని గుర్తుకొస్తాడు. మన పూర్వులకు ఈ వ్యవస్థ తెలియనిదేమీ కాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో జూదానికి ప్రత్యేకంగా ఒక అధ్యక్షుణ్ణి నియమించాడు. ఆట ఒక్కచోటనే జరగాలన్నాడు, గెలిచినవాడి సొమ్ములో నూటికి ఐదు వంతులు ఆ అధ్యక్షుడు వసూలు చెయ్యాలన్నాడు. జూదశాల నిర్వాహకుణ్ణి సభికుడు అనేవారు. శూద్రకుడి మృచ్ఛకటికం రెండో అంకంలో, బాకీ తీర్చక పారిపోయిన సంవాహకుణ్ణి వీధుల వెంట తరిమే మాథురుడు అటువంటి సభికుడే.

ఆడేవాడికీ, ఆడించేవాడికీ మాటలు దొరికాయి గానీ, వాళ్ళిద్దరి మధ్యా నిలబడి ముక్కలు పంచే జీతగాడికి మాత్రం నాకు ఎక్కడా మాట దొరకలేదు. ఇంగ్లీషులో వాణ్ణి డీలరు అంటారు. మా అక్క కొడుకు నాలుగేళ్ళపాటు చేసిన ఉద్యోగం అదే.

హైదరాబాదులో హోటల్ మేనేజ్‌మెంటు చదివి, పనికోసం గోవా వెళ్ళాడు. 1976 నాటి గోవా జూద నిషేధ చట్టానికి 1992లోనూ, ఆ తరువాతా చేసిన సవరణల పుణ్యమా అని అక్కడ కాసినోలు చట్టబద్ధం. పణజి దగ్గర మాండవి నదిలో లంగరు వేసిన ఓడల్లో రాత్రంతా ఆట సాగుతుంది. అటువంటి ఒక ఓడలో వీడికి ఉద్యోగం. మా అక్క చుట్టాలందరికీ "మావోడు ఓడ మీద పనిజేస్తడు" అని చెప్పుకునేది. అబద్ధం కాదు కదా! విన్నవాళ్ళు మాత్రం వాడు నౌకాదళంలో ఉన్నాడనుకునేవారు.

సరస్వతీ పుష్కరాలు (2025 మే 15 నుంచి 26 వరకు) ముగిసిన కొన్నాళ్ళకు మా బావ కాలం చేశాడు. అస్థికలు కలపడానికి కాళేశ్వరం వెళ్ళాము. మా వైపువాళ్ళకు ఆ చివరి మజిలీ అదే. ఆవలి ఒడ్డున మహారాష్ట్ర, సిరొంచ. ఇవతల మనం. నడుమ ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుంది. సరస్వతి అంతర్వాహిని అంటారు. కార్యక్రమం ముగిశాక మా అక్కా, తక్కిన ఆడవాళ్ళూ గుడికి నడిచారు. మేము ఇద్దరం మెట్లమీద కూర్చున్నాము. అప్పుడు చెప్పాడు వాడు, ఉద్యోగం పోయి మూడు నెలలైందని. తండ్రి జబ్బులో ఉన్నందువల్ల ఇంట్లో చెప్పలేదట.

"ఏమైంది అల్లుడూ?" అన్నాను.

జేబులోంచి నాలుగు రూపాయి బిళ్ళలు తీసి మెట్టుమీద వరుసగా పెట్టాడు. "ఇవి చిప్పులనుకో మామా" అని మొదలుపెట్టాడు.

నేను ముప్ఫై రెండేళ్ళు బ్యాంకులో పనిచేసినవాణ్ణి. అందులో సగానికి పైగా క్యాష్ కౌంటరులోనే గడిచింది. డబ్బు ముట్టుకునే చేతులను లోకం ఎంత అనుమానంగా చూస్తుందో నాకు తెలుసుననే అనుకునేవాణ్ణి. వాడు చెప్పినది విన్నాక నాకు తెలిసింది ఓనమాలేనని తోచింది.

డీలరు బల్ల వదిలి వెళ్ళేముందు రెండు చేతులూ ఒకసారి చరిచి, అరచేతులు పైకీ కిందికీ తిప్పి చూపించాలి. ఎదుట కూర్చున్నవాడికి కాదు, నెత్తిమీద కెమెరాకు. ముక్కు దురద పెట్టినా ముందు చేతులు చూపించి, ఆ తరువాతనే గోక్కోవాలి. దుస్తులకు జేబులుండవు, ఉన్నా కుట్టేసి ఉంటాయి. ఆటగాడు ఇచ్చిన నోట్లను చేతితో పెట్టెలో వెయ్యకూడదు. బల్లమీద పరచి, కెమెరాకు కనపడేలా లెక్కించి, బల్లకు ఉన్న సందులోంచి ఒక పలకతో కిందికి నెట్టాలి. ఆ పెట్టెకు తాళం వేరొకరి దగ్గర. దాన్ని తీసుకువెళ్ళేవాడు ఒకడు, తెరిచేవాడు ఇంకొకడు, లెక్కించేవారు మరికొందరు. బల్లకు చిప్పులు తెచ్చినా, బల్ల నుంచి పంపినా చీటీమీద ఇద్దరి సంతకాలు. డీలరును చూడడానికి ఒక సూపర్వైజరు, వాణ్ణి చూడడానికి పిట్ బాసు, ఆ ముగ్గురినీ చూడడానికి పైగదిలో తెరల ముందు కూర్చున్నవాళ్ళు.

"మరి ఇంత కాపలాలో దొంగతనం ఎట్లా సాధ్యంరా?" అని అడిగాను.

వాడు నవ్వి, నాలుగు బిళ్ళలను ఒకదానిమీద ఒకటి పేర్చి నా వైపు నెట్టాడు. "ఎన్ని ఇచ్చిన మామా?" "నాలుగు" అన్నాను. లెక్కపెడితే ఐదు. ఐదోది ఎప్పుడు కలిసిందో నేను చూడనేలేదు. దొంగ డీలరు చాలావరకు తన జేబులో ఏమీ వేసుకోడు. ఎదుట కూర్చున్న తన మనిషికి రావలసినదానికంటే ఒక చిప్పు ఎక్కువ ఇస్తాడు, లేదా ఓడిన పందెాన్ని చూడనట్టు వదిలేస్తాడు. పంపకం తరువాత ఎక్కడో బయట జరుగుతుంది. అందుకే ఖాళీ చేతులు చూపించడంవల్ల సగం దొంగతనాలే ఆగుతాయి. మిగతా సగాన్ని పట్టేది అంకెలు. ఏ బల్లమీద, ఏ వేళప్పుడు ఇంటికి ఎంత మిగలాలో నెలల తరబడి లెక్క ఉంటుంది. ఒక మనిషి నిలబడినప్పుడల్లా ఆ లెక్క తగ్గుతూ వస్తే, పైగదిలోని కెమెరా వాడివైపు తిరుగుతుంది.

ఇంటికి వచ్చాక నాకు కుతూహలం ఆగక, ఈ విషయమై దొరికినదల్లా చదివాను. చదివినకొద్దీ ఒక సంగతి స్పష్టమయింది. కాసినోల చరిత్రలో బయటినుంచి వచ్చిన దొంగలకంటే లోపలి దొంగలే మహానుభావులు. 1992 సెప్టెంబరులో లాస్ వేగస్‌లోని స్టార్‌డస్ట్ కాసినోలో ఒక క్యాషియరు ఐదు లక్షల డాలర్ల నగదూ, చిప్పులూ సంచిలో వేసుకుని, భోజనానికి వెళుతున్నట్టు నడిచి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఎవరికీ కనపడలేదు. 2002 ప్రాంతంలో మొదలై 2007లో కోర్టుకెక్కిన మరొక ముఠా అమెరికా, కెనడా కాసినోల్లో డీలర్లకు లంచాలిచ్చి, ముక్కలను కలిపినట్టే కలిపి కలపకుండా వదిలేయించింది. పాత ఆటలో ముక్కల వరుస అలాగే మిగులుతుంది. దాన్ని ముందే రాసిపెట్టుకున్నవాడికి రాబోయేది తెలిసిపోతుంది. అలా దోచినది సుమారు 70 లక్షల డాలర్లని లెక్క తేలింది.

ఇవి జీతగాళ్ళ కథలు. కాపలాదారుల కథ ఇంకా గొప్పది. అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో జూదయంత్రాలను తనిఖీ చెయ్యడానికి ప్రభుత్వ సంస్థ ఒకటి ఉంది. రాన్ హారిస్ అనే ఇంజనీరు ఉద్యోగం, ఆ యంత్రాల్లోని ప్రోగ్రాములో మోసం లేదని పరీక్షించడం. అతడు పరీక్షకు వాడే సాధనంలోనే ఒక కిటుకు దాచాడు. ఆ సాధనంతో తనిఖీ అయిన యంత్రంలో నాణేలను ఒక ప్రత్యేకమైన వరుసలో వేస్తే డబ్బు రాలుతుంది! 1995లో అట్లాంటిక్ సిటీలో అతడి స్నేహితుడు లక్ష డాలర్ల కీనో బహుమతి గెలిచి, ఆశ్చర్యపడినట్టైనా కనపడకపోవడంతో అనుమానం వచ్చి కథ బయటపడింది.

ఇక యజమానుల సంగతి. 1970లలో అదే స్టార్‌డస్ట్‌లో నాణేలను తూచే తక్కెడను తక్కువ చూపేలా సరిచేసి, మిగులును పన్నుకు చిక్కకుండా తరలించారు. 1976లో అధికారులు దాడిచేస్తే ఆ గుట్టు రట్టయింది. ఆ సొమ్ము చేరింది తెరవెనుక ఉన్న మాఫియా పెద్దలకు. 1980లలో ఆ పెద్దలు జైళ్ళకు వెళ్ళారు. అంటే ఒక గదిలో డీలరు చేతులు చరిచి కెమెరాకు చూపిస్తూ ఉండగా, పక్కగదిలో తక్కెడే అబద్ధం చెబుతోందన్నమాట. చిత్రమేమిటంటే, లెక్కగదిలోని పెద్దలను అరచేతులు తిప్పి చూపించమని అడిగేవాడు ఎవడూ లేడు.

కౌటిల్యుడికి ఇదంతా తెలుసు. ఉద్యోగులు సర్కారు సొమ్ము హరించే మార్గాలు నలభై అని లెక్కగట్టి పేర్లు పెట్టాడు. నీళ్ళలో తిరిగే చేప ఎప్పుడు నీరు తాగుతుందో ఎలా తెలియదో, సొమ్ములో తిరిగే ఉద్యోగి ఎప్పుడు తింటాడో అలాగే తెలియదన్న భావం ఆయనదే. ముప్ఫై రెండేళ్ళు ఆ నీళ్ళలో ఈదిన చేపగా ఆ పోలికతో నాకు చిన్న పేచీ ఉంది. చేపకు నీరు ప్రాణం. క్యాషియరుకు నోట్లకట్ట బరువు మాత్రమే. మా రోజుల్లో నియమం ఒకటే: సాయంత్రం లెక్కలో తక్కువైతే అది నీది, జేబులోంచి కట్టు, ఎక్కువైతే అది బ్యాంకుది, వేరే ఖాతాలో జమ కట్టు. సేఫుకు రెండు తాళాలు, ఇద్దరి దగ్గర రెండు చెవులు. ఇద్దరూ ఉంటే తప్ప తెరుచుకోదు. కొత్తలో దీన్ని అవమానమనుకున్నాను. తరువాత తెలిసింది, రెండో తాళం నన్ను అనుమానించడానికి కాదు, నామీద అనుమానం రాకుండా కాపాడడానికని.

ఉద్యోగ ధర్మంగా కొన్నిమార్లు గుడుల్లో హుండీ లెక్కింపులకు కూడా వెళ్ళాను. సీలు తీయడం, దేవాదాయ శాఖ అధికారి ఎదుట పెట్టెలు బోర్లించడం, భజన మండలివాళ్ళు వరుసగా కూర్చుని ఏరడం. పసుపు గుడ్డలో ముడివేసిన రూపాయిలు, వేలెడంత మడిచిన ఐదువందల నోట్లు, బియ్యం గింజలు, పరీక్ష పాస్ చేయించమని దేవుడికి రాసిన చీటీలు. కాసినో లెక్కగదికీ, దీనికీ ఎంత దగ్గర పోలికో మా వాడు చెప్పేదాకా నాకు తట్టలేదు. రెండుచోట్లా ఆశపడి వేసిన సొమ్మే. ఎవరు ఎంత వేశారో రసీదు లేదు. పెట్టె తెరిచేదాకా ఎంత ఉందో ఎవరికీ తెలియదు. రసీదు లేని సొమ్ముకు కాపలా మనిషి ఒక్కడే.

ఈ కాపలా ఎంత బలహీనమైనదో చూడడానికి లాస్ వేగస్ దాకా పోనక్కరలేదు. 2023 ఏప్రిల్‌లో తిరుమల పరకామణిలో, లెక్కింపును పర్యవేక్షించే ఒక మఠం ఉద్యోగి విదేశీ నోట్లు దాచుకుంటూ పట్టుబడ్డాడు. విశాలమైన కొత్త పరకామణి భవనంలోకి లెక్కింపు మారి మూడు నెలలు కూడా కాలేదు. అదే ఏడాది సెప్టెంబరులో కేసు లోక్ అదాలత్‌లో రాజీ అయింది. అతడి కుటుంబం కోట్ల రూపాయల విలువైన ఆస్తులను దేవస్థానానికే రాసి ఇచ్చింది. ఒక గుమాస్తాకు అన్ని కోట్లు ఎక్కడివని జనం అడిగారు. 2025లో హైకోర్టు ఆ రాజీని ప్రశ్నించి, సి.ఐ.డి. దర్యాప్తుకు ఆదేశించింది. ఆ నవంబరులో, కేసులో ఫిర్యాదు చేసిన అప్పటి భద్రతాధికారి తాడిపత్రి దగ్గర రైలు పట్టాల పక్కన శవమై కనిపించాడు. చిల్లర దొంగతనంగా మొదలైనది ఎంత దూరం పోయిందో చూడండి.

ఆ కథలో నన్ను బాధపెట్టినది మరొక సంగతి. పరకామణిలో లెక్కించేవాళ్ళు ఒంటిమీద పంచె తప్ప జేబులున్న దుస్తులేవీ లేకుండా కూర్చోవాలి, బయటికి వచ్చేటప్పుడు తనిఖీకి నిలబడాలి. అందులో సేవగా, పైసా ఆశించకుండా దూరప్రాంతాల నుంచి వచ్చినవాళ్ళు ఎందరో. ఎవడో ఒకడు తీసిన నోటుకు వీళ్ళందరూ ప్రతిరోజూ అలా వడ్డీ కడుతున్నారు. దొంగిలించిన సొమ్ము ఒక్కడికే చేరుతుంది. దాని అనుమానం మాత్రం పక్కన కూర్చున్నవాళ్ళందరికీ సమానంగా పంపకమవుతుంది.

మా వాడి కథ కూడా సరిగ్గా ఇదే.

వాళ్ళ బల్లల వరుసలో లెక్క తగ్గుతూ వచ్చింది. యాజమాన్యం ఐదుగురు డీలర్లను పక్కనపెట్టి, రెండువారాలు విచారించి, తేల్చలేక ఐదుగురినీ పంపేసింది. అనుభవ పత్రం ఇవ్వలేదు. ఆ వృత్తిలో అది లేకపోతే ఇంకొక ఓడ ఎక్కనివ్వరు. ఆ ఐదుగురిలో దొంగ ఒక్కడే. వాడెవడో మా వాడికి తెలుసు. ఒకే గదిలో ఉన్న స్నేహితుడు. ఓడిన పందెం తియ్యకుండా వదిలేస్తుండగా వీడు రెండుసార్లు కళ్ళారా చూశాడు. మొదటిసారి పొరపాటనుకున్నాడు. రెండోసారి ఎదుట కూర్చున్న ఆటగాడూ అదే మనిషి.

"అడిగితే నాకేం దెల్వదన్న మామా. వాని అమ్మకు డయాలిసిస్ జేపిస్తుండు. వాని పేరు జెప్తె ఎట్ల? చెప్పకపోతే నాది తప్పయితదా?"

నేను వెంటనే జవాబు చెప్పలేదు. ప్రాణహిత నీళ్ళు ఒక రంగులో, గోదావరి నీళ్ళు ఒక రంగులో కొంతదూరం పక్కపక్కనే పోయి, ఆ తరువాత ఏది ఏదో తెలియకుండా కలిసిపోతున్నాయి. కంపెనీ మీద నాకు ప్రత్యేకమైన జాలి ఏమీ లేదు. ఊళ్ళకు ఊళ్ళ సొమ్ము ఊడ్చుకునే వ్యాపారం. దానికి నాలుగు చిప్పులు పోయినంతమాత్రాన ధర్మం కుంటుపడదు. ఒక పేదవాడి తల్లి ప్రాణం ఒకవైపు, ఈ జూదపు ఓడ లాభం ఒకవైపు ఉంటే త్రాసు ఎటు మొగ్గుతుందో చెప్పడానికి శాస్త్రాలు చూడనక్కరలేదు. వాడు మౌనంగా ఉన్నది కూడా ఆ త్రాసు చూసుకునే.

"మిగిలిన ముగ్గురు ఎవరు?" అని అడిగాను.

ఇద్దరు గోవా కుర్రాళ్ళు. ఒకమ్మాయి మణిపూర్ నుంచి వచ్చింది. అక్కడి గొడవల్లో ఇల్లు పోగొట్టుకుని, తల్లిదండ్రులు శిబిరంలో ఉంటే, ఈ పిల్ల పంపే జీతం మీదే నెట్టుకొస్తున్నారట. ఇప్పుడు ఏ కాసినోలోనూ ఆమెను తీసుకోవడంలేదు.

"అల్లుడూ, నీ త్రాసులో ఒకవైపు మీ దోస్తు తల్లిని పెట్టినవు, ఇంకోవైపు కంపెనీని పెట్టినవు. ఆ పిల్లనేది? ఆ పిల్లను ఏ తట్టలో పెట్టినవ్?" అన్నాను.

వాడు చాలాసేపు మాట్లాడలేదు.

ఆ తరువాత గుడిలోకి వెళ్ళాము. కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలుంటాయని వినే ఉంటారు. ఒకటి ముక్తేశ్వరుడు, శివుడు. రెండోది కాళేశ్వరుడు, యముడు. పూర్వం ఇక్కడ ముక్తేశ్వరుణ్ణి చూసినవాళ్ళందరూ నేరుగా ముక్తి పొందుతుంటే, యముడికి పని లేకుండా పోయిందట. ఆయన మొరపెట్టుకుంటే శివుడు తన పక్కనే చోటిచ్చి, ముందు నిన్ను పూజించాకనే నన్ను పూజించాలని నియమం పెట్టాడట. చిన్నప్పటినుంచీ విన్న కథే. ఆనాడు మాత్రం అది నాకు పాత క్యాషియరు చెవులతో వినిపించింది. లెక్క ముందు, ముక్తి తరువాత. క్షమించడానికి శివుడు ఎప్పుడూ సిద్ధమే. ఎవరి ఖాతాలోది ఎవరి ఖాతాలో పడిందో తేలకుండా క్షమిస్తే, ఆ భారం ఎవడో నిరపరాధి పేరున నిలిచిపోతుంది. యముడి కొలువులో చిత్రగుప్తుడు చిట్టా రాస్తాడని విన్నాము. నరకానికి పంపడానికే ఆ చిట్టా అని మనం భయపడతాము. నాకు ఇప్పుడు తోచేదేమంటే, చెయ్యని తప్పుకు ఎవరూ పోకుండా చూడడానికే దాని అవసరం ఎక్కువ.

తిరుగుదారిలో మా వాడితో ఒక్కటే చెప్పాను. యాజమాన్యానికి రాసేముందు ఆ స్నేహితుడికి చెప్పు, వాడంతట వాడే ఒప్పుకోవడానికి వారం గడువు ఇవ్వు. వాడు ఫోను చేశాడు. స్నేహితుడు ఏడ్చాడు, ఒప్పుకుంటానన్నాడు. మూడోనాటి నుంచి ఆ ఫోను పలకడం మానేసింది. పదోనాడు మా వాడు ఉత్తరం రాశాడు. తాను చూసినది, చూసిన రోజులు, చూసి కూడా చెప్పకపోవడం, అన్నీ రాశాడు. దానివల్ల తనకు ఆ వృత్తిలో ఇక చోటుండదని తెలిసే రాశాడు. చివర తనకేమీ అడగలేదు. మిగిలిన ముగ్గురి పత్రాలు ఇవ్వమన్నాడు.

మా అక్కకు ఇదంతా నచ్చలేదు. "పేదోని నోటికాడి ముద్ద తీసినవు, మా వాన్ని గూడ ఆగంజేసినవు" అని నామీద నిష్ఠూరమాడింది. ఆమె మాటలో న్యాయం లేదని నేను అనను. ఆ డయాలిసిస్ తల్లి ఎలా ఉందో నాకు తెలియదు, ఆ ఆలోచన నన్ను ఇంకా వదలలేదు.

రెండు నెలలకు మణిపూర్ అమ్మాయికీ, ఆ ఇద్దరు కుర్రాళ్ళకూ పత్రాలు వచ్చాయి. క్షమాపణ మాత్రం రాలేదు, ఆ ఆచారం సంస్థలకు లేదు. మా వాడు ప్రస్తుతం భూపాలపల్లిలో ఒక సరుకుల దుకాణంలో బిల్లింగు కౌంటరు దగ్గర కూర్చుంటున్నాడు. కొన్నవాళ్ళకు చిల్లర ఇచ్చిన ప్రతిసారీ రెండు అరచేతులూ తిప్పి చూపిస్తున్నాడట. అలవాటు పోలేదు మామా అంటాడు. అక్కడ నెత్తిమీద కెమెరా కూడా లేదు. చిల్లర అందుకున్న ముసలమ్మలు అది దణ్ణమనుకుని, తిరిగి దణ్ణం పెట్టి వెళుతున్నారట.